పిన్ని చెప్పిన వైపు

పడవ రేవు దాటగానే మైకు పిన్ని ముందువైపు నిలబడి, ప్రయాణికులకేసి తిరిగి, గొంతు సవరించుకునేది. కాలవకి రెండు పక్కలా సముద్రం దాకా మేడలే, మేడమేడకీ ఓ తెల్లటి పడవ. ఎదురొచ్చేవాళ్లకి దారివ్వడంతోనే సరంగుకి సరిపోయేది. మేడల కబుర్లు చెప్పడం పిన్ని పని.

చిక్కల్లా ఒకటే. ఎదురుగా నిలబడుతుంది కనక ఆవిడ కుడి వాళ్లకి ఎడమ. ఆ సంగతి ఆవిడకి ఏనాడూ సమయానికి గుర్తొచ్చేది కాదు. ఎడమనున్న మేడని "మీ కుడివైపు చూడండి!" అనేది. పాపం, నలుగురిలో పిన్ని పరువు పోతుందని ఆ మేడ గబగబా కాలవ దాటి కుడివైపుకి వచ్చేసేది. అక్కడి మేడలు బస్సులో సీటిచ్చినట్టు జరిగి చోటిచ్చేవి. సాయంత్రం అందరూ తమ ఇల్లు ఏ ఒడ్డునుందో కనుక్కుని మరీ వెళ్లేవారు.

అక్కాచెల్లెళ్ల మేడలు మాత్రం ఎప్పుడూ ఎదురెదురే. పిన్ని రెండిటికీ పొరబడేది కనక అటుది ఇటు, ఇటుది అటు అయ్యేవి, అంతే. అమ్మ కుట్టుమిషను అక్క తెచ్చేసుకుంది. అది ఎవరికి చెందాలన్న దగ్గర ఆ ఇద్దరికీ మాటలు పోయాయి. కుట్టడం ఇద్దరికీ రాదు! అయినా పడవ వచ్చే వేళకి ఇద్దరూ బాల్కనీల్లోకి వచ్చేవారు. తమకోసమేననుకుని ప్రయాణికులు చేతులూపేవారు. వాళ్లు పడవ మీదుగా ఒకరినొకరు చూసుకుంటున్నారని పిన్నికి తెలుసు.

ఓ మధ్యాహ్నం చెల్లెలు రేవుకి వచ్చింది.

"రేపట్నించి మా ఇంటి ఊసెత్తకండి పిన్నీ. అమ్మేస్తున్నాను. పొద్దున్నే సంతకాలు పెట్టి వెళ్లిపోతాను."

"మీ అక్కగారికి చెప్పారా?"

"ముందు ఆవిడ మాట్లాడాలి."

పిన్నికి మనసు మనసులో లేదు. ఆఖరి పడవ ఎక్కుతూ తన ఆలోచన సరంగు చెవిన వేసింది.

"అది పొరపాటు కాదుగా పిన్నీ, అబద్ధం! మేడలు ఒప్పుకుంటాయంటావా?"

"నాకూ అదే గుబులుగా ఉంది నాయనా."

మేడలు దగ్గరపడ్డాయి. పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది. "మీ కుడివైపు చూడండి. అక్కాచెల్లెళ్ల మేడలు. రెండూ పక్కపక్కనే. మధ్యలో గోడైనా లేదు."

అందరూ అటు తిరిగారు. అక్కడ అక్కగారి మేడొక్కటే ఉంది.

"రెండోదేదండీ?" అన్నారెవరో. పిన్ని ఓ కన్ను తెరిచి చూసింది.

అప్పుడు ఎడమ ఒడ్డున చెల్లెలి మేడ, మోకాళ్లు పట్టుకుని లేచే ముసలావిడలా మూలుగుతూ లేచింది. పడవ వెనకనుంచి కాలవ దాటి, అక్క మేడ పక్కనే చతికిలబడింది. రెండు బాల్కనీల కమ్మీలూ ఆనుకున్నాయి. చెల్లెలి బాల్కనీ నిండా సర్దిన పెట్టెలే.

అక్క ఆ పెట్టెలకేసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇవన్నీ ఇలా అడ్డంగా పెడితే ఎలాగే? తియ్యి. కుట్టుమిషను ఎక్కడ పెట్టుకుంటావు?"

చెల్లెలు కమ్మీ పట్టుకుని బావురుమంది. పడవలో పిన్నీ ఏడ్చేసింది. సరంగు మాత్రం కంట్లో నలక పడిందన్నాడు.

మర్నాడు పడవ అటు వెళ్లేసరికి బాల్కనీల్లో ఎవరూ లేరు. లోపల కుట్టుమిషను ఆగుతూ, దారం తెంపుకుంటూ, తిట్లు తింటూ నడుస్తోంది. చెల్లెలు కోరినట్టే పిన్ని ఆ ఇంటి ఊసెత్తలేదు. మైకు నోరు చేత్తో మూసి, రెండు మేడలూ దాటేదాకా నవ్వుతూ నిలబడింది.