వెంకటరాజు చేసిన విమానం

రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో తెలుగు వాళ్ళ ఇంట ఏ పెళ్ళి జరిగినా తాయారమ్మ నోట విమానం ఎగరాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక దొర పజుండౌంగ్ వాగు ఒడ్డునే చిన్న విమానాల కంపెనీ పెట్టాడనీ, అంతకుముందు టీ పెట్టెలు చేసిన తన తండ్రి వెంకటరాజే దానికి పెద్ద వడ్రంగి అనీ, ఆయన చేసిన విమానాలు రంగూన్ ఆకాశమంతా తిరిగాయనీ చెప్పేది. కోతలన్నవాళ్ళతో ఏళ్ళ తరబడి మాటలు మానేసింది. తండ్రి పోయాడు, ఆయన మాట నిలబెట్టడానికి తను తప్ప ఎవరున్నారు?

ఆ కంపెనీ పాత షెడ్డు పడగొట్టిస్తున్న మేస్త్రీ సూరి ఓ ఉదయం కబురు చేశాడు, కప్పు కింద రెక్కలాంటిదేదో దొరికిందని. తాయారమ్మ కొత్త చీర కట్టుకుని, మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో విమానాలు బాగుచేసే మనవరాలు ఆశను వెంటేసుకుని బయల్దేరింది. తండ్రి చేతులు చాపి ఇల్లంతా తిరుగుతూ విమానం ఎలా వంగుతుందో చూపించడం, ఆ చేతుల కింద తను పరుగెత్తడం గుర్తొచ్చి దారిలోనే కళ్ళు చెమర్చాయి.

రెక్కను నేల మీద పెట్టారు. ఆశ చుట్టూ తిరిగి చూసింది. లోపల వెదురు బద్దలు, పైన రంగు పూసిన గోనెగుడ్డ. పిల్ల మొహం చిన్నబోయింది.

"అమ్మమ్మా, ఇది ఎగిరేది కాదు. జపానోళ్ళు పైనుంచి చూసి నిజమనుకుని బాంబులెయ్యడానికి పెట్టే ఉత్తుత్తి విమానం."

"ఏటే గుంటా! మా అయ్య అబద్దం ఆడినాడంటావా?"

తాయారమ్మ రెక్క పక్కనే కూలబడింది. చిరిగిన గుడ్డ సందులోంచి లోపలి వెదురు కనిపించింది. దానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. పసుపు తాడుతో వేప రెమ్మ కట్టారు. ఆకు రాలి పుల్లే మిగిలింది. దసరాకి పనిముట్లకు బొట్లు పెడతారు గానీ వేప రెమ్మ కట్టరు. అది కట్టేది అమ్మోరికి మొక్కిన మేకకు.

అయ్యకు అంతా తెలుసన్నమాట. ఒళ్ళొంచి చేసిన ప్రతి విమానమూ బాంబుకు బలైపోతుందని తెలిసే బొట్టు పెట్టి సాగనంపాడు. జపాను సైన్యం వచ్చి కంపెనీ మూతపడబట్టి ఈ ఒక్క రెక్కా మిగిలింది. ఆ సంగతి పసిదానికి చెప్పలేక చేతులు చాపి ఆడించాడు. తాయారమ్మకు కోపం రాలేదు. ఎన్నడూ లేనంతగా తండ్రి మీద బెంగ పుట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"మరి మీ అయ్య ఇమానం ఎగిరిందా పెద్దమ్మా?" సూరి మెల్లగా అడిగాడు.

తాయారమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎగరనేదు నాయనా. ఎగిరేవాటి మీద పడాల్సిన బాంబులు మా అయ్య ఇమానాలు తిన్నాయి."