ఈసారి బాగుంటుందంట

ఆదివారం పొద్దున అమర్‌నాథ్ తన మూడో గిటారు పొట్ట విప్పి చాప మీద పరిచాడు.

గిటారంటే తీగలున్నది కాదు. మెడ మీద ఐదు రంగుల బొత్తాలు, పొట్ట మీద ఆడించడానికి ఒక రెక్క, అంతే. ఇదొక వీడియో ఆట. టీవీలో పాట వస్తుంటే పైనుంచి రంగు బిళ్ళలు జారుతుంటాయి. ఆ రంగు బొత్తాం నొక్కి రెక్క ఆడిస్తే వాయించినట్టు లెక్క. ముప్పై దాటినవాడు, ఆదోని జిన్నింగు మిల్లులో కంప్యూటరు ముందు కూర్చునేవాడు, సాయంత్రం ఎమ్మిగనూరుకు తిరిగొచ్చి చేసే పని ఇదని అతని భార్య పావని చాలాకాలం పుట్టింట్లో చెప్పుకోలేదు. చెప్పినరోజు వాళ్ళమ్మ రెండుసార్లు అడిగింది, "తీగలు యాడుంటాయి మే దానికి?" అని.

ఆట తెచ్చిన కంపెనీ గిటార్లు చేయడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ఎవరెవరో చేస్తున్నారు. మొదటిదాంట్లో రెక్క ఒకసారి ఆడిస్తే రెండుసార్లు పలికింది. రెండోదాంట్లో పచ్చ బొత్తాం నెల తిరక్కుండా చచ్చింది. మూడోది మెడ దగ్గర కిర్రుమంటుంది. ప్రతి పార్సిలూ విప్పేముందు మాత్రం "ఈసారి బాగుంటుందంట" అంటాడు. ఎవరన్నారో చెప్పడు. ఫోనులో అతనిలాంటివాళ్ళు నాలుగొందలమంది ఒక గుంపు. రాబోయే గిటారు ఫొటో ఒకటి పెట్టుకుని, ఒక్కడైనా దాన్ని చేత్తో పట్టకముందే, బొత్తాలు ఎంత మెత్తగా ఉంటాయో వాదించుకుంటారు. ఇంత ఓపిక పాప గుడ్డలు ఉతకడంలో పెడితే ఊళ్ళో చాకిరేవు నడపవచ్చని పావని అంచనా.

"స్ప్రింగొకటి తక్కువుందే," అని గొణిగాడు అమర్‌నాథ్.

వంటింట్లో రొట్టెల పిండి కలుపుతున్న పావని ఆ మాట విని, పిండి చేతులతోనే బయటికొచ్చింది. చాప అంచున పదినెలల శరణ్య కూర్చుని ఉంది. దవడలు ఆడుతున్నాయి.

"ఎన్నుండల్ల?"

"ఆరు."

"ఎన్నుండాయి?"

"ఐదు. యాడికి పోతాది, సోఫా కింద పడింటాది."

పావని పాప నోట్లో వేలు పెట్టి కలియదిప్పింది. చొంగ, రెండు పాలపళ్ళు తప్ప ఏమీ తగల్లేదు. శరణ్య గుటుక్కున మింగి నవ్వింది.

"ఏదో మింగింది!"

"చొంగ మింగింటాది మే. నువ్వు ప్రతిదానికీ..."

"సోఫా కింద పడింటే సోఫాకేం నొప్పి లేదప్పా. బిడ్డ కడుపులో ఉంటే ఏం చేస్తావు? దాన్ని గూడ నాలుగు మరలు ఇప్పి చూస్తావా?"

పిల్లల డాక్టరు పాప పొట్ట నొక్కి చూసి, చాలావరకు దానంతటదే దిగిపోతుందనీ, ఎక్కడుందో తెలిస్తే మంచిదనీ అన్నాడు. ఆదివారం ఊళ్ళో ఎక్స్‌రే తీసేవాళ్ళు లేరు. ఆదోనికి పొమ్మన్నాడు.

బస్సులో పావని పాపను గుండెకు అదుముకుని, ప్రతి గుంతకూ స్ప్రింగు ఎక్కడ గుచ్చుకుంటుందోనని ఊపిరి బిగబట్టింది. పేగు, రక్తం, కర్నూలు పెద్దాసుపత్రి, అన్నీ కళ్ళముందు తిరిగాయి. పక్కన అమర్‌నాథ్ దించిన తల ఎత్తకుండా ఫోను చూస్తున్నాడు. పిల్లలు ఇలాంటివి మింగితే ఏం చేయాలో వెతుకుతున్నాడనుకుని ఒక్క నిమిషం అతనిమీద జాలి పడింది.

"సూడు పావనీ, కొత్తదొకటి వస్తాంది," అన్నాడు ఫోను ఆమె ముందు పెట్టి. "దీంట్లో స్ప్రింగులే లేవు. ఇప్పే పనే ఉండదు. అంతా అయస్కాంతం మీద నడుస్తాదంట."

"మంచిది. ఈసారి అయస్కాంతం మింగుతాదిలే."

ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, అమర్‌నాథ్‌ను కింద నుంచి పైదాకా కొలిచి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

ఆదోనిలో ఎక్స్‌రే తీసే శేషప్ప పాపకు బట్టలు తీయమన్నాడు. గౌను తీశారు, లంగోటా తీశారు. చల్లటి బల్ల తగలగానే శరణ్య బజారంతా వినపడేలా ఏడ్చింది. కాసేపటికి శేషప్ప బొమ్మ తెరమీద పెట్టాడు. నల్లటి బొమ్మలో చిన్న చిన్న పక్కటెముకలు. వాటికింద, పొట్ట మధ్యలో, తెల్లగా మెరుస్తూ ఒకటి.

పావని పాప తలమీద చెయ్యేసి ఏడవడం మొదలుపెట్టింది.

"ఉందన్నా లోపల," అన్నాడు శేషప్ప మెల్లగా. "కర్నూలు పోవల్ల మీరు. గొట్టమేసి తీస్తారో, కోస్తారో."

అమర్‌నాథ్ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరికి పోయాడు. "రెక్కలో స్ప్రింగు ఇంత లావుండదన్నా. బొత్తాం కిందిది కూడా కాదే. ఈ కంపెనోడు రెండు సైజులు వాడింటాడు. అందుకే ఒక బొత్తాం గట్టిగా ఉండేది!"

పావనికి ఆ క్షణంలో ఏడుపు ఆగిపోయింది. అసహ్యం అంత పెద్దది. బిడ్డ కడుపు కోస్తారంటున్నారు, వీడికి తన బొత్తాం ఎందుకు గట్టిగా ఉందో తెలిసింది. అతన్ని పక్కకు నెట్టి తనే తెర ముందు నిలబడింది. ఇంటరు మొదటి ఏడాదిలో ఆపేసిన చదువు. ఎక్స్‌రే చూడటం ఎవరూ నేర్పలేదు. కానీ ఆ తెల్లటి దానికి చుట్లు లేవు. రెండువైపులా మూసిన గొట్టం. పైన బుల్లి చెవి. దాన్ని రోజూ పొద్దున నీళ్ళు పోసేటప్పుడు పక్కకు జరిపి రుద్దేది ఎవరు?

"ఇది తాయెత్తన్నా," అంది. "మొలతాడుకుంది."

శేషప్ప తెర వదిలి బల్ల దగ్గరికి పోయి, పాప నడుముకున్న నల్లదారం, దానికి వేలాడే రాగి తాయెత్తు చూశాడు. "అన్నీ తీయమంటి గదమ్మా!"

"బట్టలు తీయమంటివి. మొలతాడు బట్టెట్లయితాది?"

శేషప్ప తన నడుము తడుముకున్నాడు. "నిజమేలే. నాకూ ఉంది. నాకూ యాదికి రాలే. తీసెయ్యమ్మా, ఇంకోటి తీద్దాం."

"ఉండన్నా," అమర్‌నాథ్ ఫోను తీశాడు. "అమ్మ కట్టింది అది. ఏడాది నిండకుండా ఇప్పితే ఒప్పుకోదు. ఒక మాట అడిగి..."

స్ప్రింగు కొలతలు చెప్పిన మనిషి, దారం విప్పడానికి వాళ్ళమ్మ అనుమతి అడుగుతున్నాడు! అత్త గోవిందమ్మ ఫోనెత్తేలోపే పావని వంగి ఆ ముడిని పళ్ళతో కొరికి తెంపి, తాయెత్తు అతని అరచేతిలో పెట్టింది.

రెండో బొమ్మలో తెల్లటిదేమీ లేదు. శేషప్ప అటూ ఇటూ తిప్పి చూశాడు. "గాలి తప్ప ఏం లేదమ్మా. పో, ధైర్యంగా పాలిచ్చుకో."

పావని పాపకు గౌను తొడిగి హుక్కు పెట్టబోయింది. నాలుగుసార్లు తప్పింది.

"సెప్పలే నేను? సోఫా కిందే," అన్నాడు అమర్‌నాథ్.

ఇంటికొచ్చేసరికి గోవిందమ్మ గడపలోనే నిలబడి ఉంది. పాప నడుము చూడగానే, "ఎవురు తెంపింది?" అంది.

"నేనే అత్తా," అని పావని జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. గోవిందమ్మ కోడలిమీద ఎత్తిన గొంతును అట్లాగే కొడుకు వైపు తిప్పింది.

ఆ గొడవ మధ్యలో అమర్‌నాథ్ పాపను నేలమీద దించబోయాడు.

"దించొద్దు," అంది పావని. "కడుపులో లేదంటే ఇంట్లోనే ఉంది. దొరికేదాకా బిడ్డ కాలు నేల తాకకూడదు. నేనెత్తుకోను, అత్త ఎత్తుకోదు. నువ్వే."

"మరి నేనెట్ల వెతకల్ల?"

"బిడ్డనెత్తుకుని వెతుకు."

"దొరక్కపోతే?"

"దానికి పెండ్లయ్యేదాకా మోయి."

అతను పాపను చంకనేసుకుని మోకాళ్ళమీద సోఫా కిందికి వంగాడు. మొదటి గిటారువి రెండు మరలు, రెండోదాని పచ్చ బొత్తాం దొరికాయి. స్ప్రింగు లేదు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. కొత్త గిటారు గురించి నాలుగొందలమంది ఒకేసారి మాట్లాడుతున్నట్టున్నారు. శరణ్య తండ్రి జుట్టును రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది. పావని కాసేపు చూసి, ఎండిపోయిన పిండిలో నీళ్ళు చల్లుకోవడానికి లోపలికి పోయింది.