నీలగిరి సీసా

కృష్ణకు పెద్ద వరద వచ్చి తాడేపల్లి వైపు ఇళ్లు మునిగిన ఏడాది. ఆ పంట మిరపకాయ మాఘంలో కల్లంలో ఆరబోశాం. సగం ఆరేసరికి మబ్బు పట్టింది. నేనూ, మా అబ్బాయి శివరామకృష్ణా కాయంతా ఎత్తి ఇంటి హాల్లో పోసి తలుపులు మూశాం. ప్రత్తిపాడు చుట్టుపక్కల వానొస్తే అందరూ చేసే పనే. తడిస్తే కాయ తెల్లబడి తాలు అవుతుంది. తాలును ఎవరూ అడగరు.

హాలు పక్క గదిలో నా మనవరాలి ఉయ్యాల. దానికి ఎనిమిదో నెల. మధ్యాహ్నం నుంచి తుమ్ములు, దగ్గు. నా భార్య రాజ్యం నీలగిరి తైలం తీసింది.

"జలుబే. ఛాతీకి రాసి ముక్కు దగ్గర చుక్క పెడితే సర్దుకుంటుంది."

"వద్దత్తయ్యా, చంటిపిల్ల," అంది కోడలు అఖిల.

"నీ మొగుణ్ణి ఎట్టా పెంచాననుకున్నావే? ఈ తైలంతోనే. తాటిచెట్టంత అయ్యాడుగా!"

అఖిల నా వైపు చూసింది. నా మోకాళ్లకు రోజూ ఆ తైలమే. రాస్తే నొప్పి తగ్గినట్టుంటుంది. పిల్లకీ పనిచేస్తుందనుకున్నాను.

రాజ్యం రాసింది. పిల్ల కాసేపు ఊరుకుంది.

"చూశావా?"

మళ్లీ దగ్గు. ఈసారి గొంతులో ఈల. రాజ్యం ఉయ్యాల గుడ్డ మీద ఇంకాస్త పోసింది. పిల్ల డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదవులు నల్లబడ్డాయి.

"మావయ్యా, ఊపిరందట్లేదు!"

శివరామకృష్ణ ఆటో ఖాజావలికి ఫోన్ చేశాడు. వీధి చివరే ఉంటాడు, మావాడి ఈడువాడు. గుమ్మంలో కాలు పెడుతూనే తుమ్మాడు. కళ్లు నలుపుకుంటూ మళ్లీ తుమ్మాడు.

"ఏందిరా శివా, పిల్లనింట్లో పెట్టుకుని కాయ పోసి తలుపులేసుకున్నారు? మీకు ముక్కుల్లేవా?"

మాకు తెలియలేదు. పుట్టినప్పటినుంచి ఆ ఘాటులోనే ఉన్నాం. కొంచెం తెలిసేదేమో, దాన్నీ తైలం వాసన కప్పేసింది.

ఆటోలో జల్లు కొడుతున్నా అఖిల పరదా దించనివ్వలేదు. పిల్లకి గాలి తగలాలంది.

ఆసుపత్రిలో పిల్ల ఛాతీ తుడిచి, మూతికి ఆక్సిజన్ పెట్టారు. ఇంట్లో కాయ పోసిన సంగతి అఖిల చెప్పింది.

"ముక్కు దగ్గర రాసిందెవరు?" డాక్టరమ్మ అడిగింది.

"నేనేనమ్మా. జలుబని..."

"జలుబు కాదు, మిరప ఘాటు. దాని మీద ఇదొకటి. పెద్దవాళ్లు రాసుకుంటే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది. చంటిపిల్లలకు గొంతు బిగుసుకుంటుంది."

రాజ్యం కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దుగూకేవేళకు పిల్ల పెదవులకు రంగొచ్చింది. ఈల మాత్రం పూర్తిగా పోలేదు.

"రేపు పంపిస్తా. ఇంట్లో ఆ కాయ ఉంటే మాత్రం తీసుకెళ్లొద్దు."

శివరామకృష్ణ నన్ను పక్కకు పిలిచాడు.

"వాన తగ్గలేదు నాన్నా. ఇప్పుడు బయటేస్తే పంటంతా తాలే."

"తాలైతే అవనీరా."

మర్నాడు పొద్దున నేను ఇంటికొచ్చేసరికి జల్లు పడుతూనే ఉంది. కాయంతా కల్లానికి మోసి, ఉన్న పరదాలు కప్పాను. చాలని చోట వదిలేశాను. హాలూ గదీ నీళ్లు కొట్టి కడిగాను. ఉయ్యాల గుడ్డ మార్చాను. నీలగిరి సీసా మూత బిగించి అటక మీద పెట్టాను. మోకాళ్లు లాగుతున్నా ఆ పూట రాసుకోలేదు. తలుపులన్నీ తీసి ఖాజావలిని పిలిచి గదిలో నిలబెట్టాను.

"ఏమన్నా తెలుస్తోందా?"

వాడు గట్టిగా ఊపిరి పీల్చాడు. తుమ్మలేదు.

"ఏం లేదు బాబాయ్."

అప్పుడు ఆటో ఎక్కి పిల్లను తేవడానికి వెళ్లాను.