చివర చేర్చిన లక్ష పేర్లు

మచిలీపట్నం మత్స్యకారుల సంఘం ఆ ఉదయం చేయబోయే తీర్మానంలో లీలావతికి అభ్యంతరమున్నది ఒక్క వాక్యం మీదే. తుపాను హెచ్చరికల కోసం ఆమె రాసిచ్చిన ప్రోగ్రామును తీసివేస్తారట. ఎందుకంటే దాన్ని రాయడానికి వాడిన ఫంక్షనల్ ప్రోగ్రామింగు భాష పొడుగు జాబితాలకు పనికిరాదట. ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. తప్పును క్షమించగలదు గాని, దాన్ని తీసుకుపోయి నిర్దోషి నెత్తిన రుద్దితే ఊరుకోలేదు.

సంఘం ఇంజనీరు మురళీకృష్ణ కంప్యూటరులో నడిపి చూపించాడు. కృత్తివెన్ను నుంచి దివిసీమ దాకా లక్ష మంది పేర్లూ ఫోను నంబర్లూ, సముద్రానికి దగ్గరి ఊళ్లు ముందు వచ్చేలా పేర్చడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తాను అప్పగించిననాడు రెండు సెకన్లకు మించలేదని చెప్పి, లీలావతి ప్రోగ్రాము తెరిపించింది. ఆఖరి పంక్తి లేదు.

"జాబితాను తిరగేసే పంక్తి ఏమైంది బాబూ?"

"నేనే తీసేశానండీ. తలకిందులుగా పేర్చుకోవడమెందుకు, మళ్లీ తిరగేయడమెందుకు? ప్రతి పేరూ నేరుగా చివరే చేరుస్తున్నాను."

ఆమె గొంతు పెంచలేదు. "మీది పెడన కదూ. అద్దకం బట్టలు ఆరాక మీ నాన్న ఎలా పేరుస్తాడు?"

"ఒకదాని మీద ఒకటండీ."

"కొత్త బట్ట వచ్చినప్పుడల్లా దొంతరంతా ఎత్తి అడుగున పెడతాడా?"

"నేనలా పెడితే నన్ను కాలవలోకి తోస్తాడండీ."

"మొదట అద్దింది పైకి రావాలంటే?"

"అన్నీ అయ్యాక దొంతరను ఒక్కసారి బోర్లిస్తాం..." అని, అక్కడే ఆగిపోయాడు.

ఈ భాషలో జాబితాకు చేతికందేది తల, అంటే మొదలు, ఒక్కటేననీ, చివర ఒక పేరు చేర్చాలంటే ఉన్నదంతా మళ్లీ రాసుకోవలసిందేననీ లీలావతి వివరించింది. లక్ష పేర్లకు అది కంప్యూటరుకు దాదాపు ఐదు వందల కోట్ల అడుగుల పని. తల దగ్గర చేరిస్తే లక్ష, చివర్లో తిరగేయడానికి మరో లక్ష, అంతే.

మురళీకృష్ణ రెండు పంక్తులు సరిచేసి నడిపాడు. అతను మీట మీద నుంచి వేలు తీసేసరికే జాబితా వరుసగా నిలిచింది.

వెనక నిలబడి అంతా విన్న సంఘాధ్యక్షుడు వెంకటపతి, ప్రోగ్రాము ఇక ఎక్కడికీ పోదనీ, ఆ వాక్యం కొట్టేయిస్తాననీ అన్నాడు.

"కొట్టేస్తే మరో ఏడాదికి ఇంకెవరో మళ్లీ రాస్తారండీ. ఉండనివ్వండి. అదెందుకు అబద్ధమో కింద రాయించండి," అంది లీలావతి.

మురళీకృష్ణ పెన్ను తీసుకుని, పొరపాటు భాషది కాదనీ, తనదేననీ, ఎక్కడ జరిగిందో పంక్తి సంఖ్యతో సహా రాశాడు. లీలావతి రెండుసార్లు చదివింది. దిద్దవలసింది కనబడలేదు. సంతకం పెట్టింది.