నీళ్ళు పోసిన చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొలకలు వంగడం లేదని తెలిసిన రోజున ముందు విత్తనాలు అమ్మినవాణ్ణి తిట్టాను, తర్వాత కిటికీ అద్దాన్ని తిట్టాను.

ప్రయోగశాలలో కుండీలకు నీళ్ళు పోయడం నా పని. కిటికీ పక్కన బల్ల మీద పన్నెండు గుండ్రటి కుండీల్లో చిక్కుడు మొలకలున్నాయి. వెలుతురు ఒక్క వైపు నుంచే వస్తుంది కాబట్టి అవి అటే వంగాలి. ఎంత వంగాయో రోజూ కొలిచి రాసుకునేది పరిశోధన చేసే అమ్మాయి. నన్ను పిన్నీ అంటుంది. మూడు వారాలైనా మొలకలు మాత్రం కిటికీతో మాకేం పని అన్నట్టు నిటారుగా నిలబడ్డాయి. శుక్రవారం పెద్దసారుకు ఫలితం చూపించకపోతే ఆమె పరిశోధన అక్కడితో ఆగిపోతుంది.

అద్దం తుడిచాం. తెర తీసేశాం. మట్టి మంచిదేనా అని నలిపి చూశాం. వీటికి వెలుతురు అక్కర్లేదా పిన్నీ అని అడిగింది ఆ అమ్మాయి. ఇరవై ఏళ్ళు నర్సరీలో చేశాను, వెలుతురు వద్దన్న మొక్కను ఎక్కడా చూడలేదు. ఇద్దరం తలలు పట్టుకుని కూర్చున్నాం.

బుధవారం ఇంట్లో అన్నం తింటుంటే మా ఆయన నీళ్ళడిగారు. పోశాను. ఆయన గ్లాసు వంకే చూస్తూ అన్నారు.

"నీళ్ళు పోసినదాన్నల్లా అలా తిప్పుతావేంటే? పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నా."

నేనెక్కడ తిప్పానని దెబ్బలాడాను. ఆ తర్వాత నర్సరీ గుర్తొచ్చింది. వంకర మొక్కను ఎవరూ కొనరని, అన్ని వైపులా వెలుతురు తగిలి నిటారుగా పెరగాలని, నర్సరీలో నీళ్ళు పోసిన ప్రతిసారీ కుండీని కాస్త తిప్పేవాళ్ళం. ఆ పని మానేసి ఆరేళ్ళయింది. నా చేతికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ దొంగ నా భుజానికే వేలాడుతోంది.

గురువారం పొద్దున్నే వెళ్ళి, మొలకల కుండీల్నీ నేనే తిప్పేస్తున్నానని చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను, ఉద్యోగం పోతుందనీ అనుకున్నాను. ఆ అమ్మాయి కొలతల పుస్తకం తెరిచి చూసుకుంది. తర్వాత, రోజూ ఒక్కలాగే తిప్పి ఉంటే, అదెంతో తెలిస్తే పాత కొలతలు సరిచేసుకోవచ్చంది. ఖాళీ కుండీకి సుద్దతో గీత గీసి, తిప్పి చూపించమంది.

పోశాను, తిప్పాను. ఒకసారి సగం తిరిగింది. ఇంకోసారి వేలెడు. మూడోసారి చెయ్యి అసలు కదల్లేదు. ఎంత తిప్పేదాన్నో నాకే తెలియడం లేదు. ఏడుపొచ్చింది. ఆమె మొలకలున్న పన్నెండు కుండీలకూ సుద్దతో గీతలు గీసింది.

"కుండీ వైపు చూడకు పిన్నీ. నన్ను చూస్తూ ఏదైనా చెప్పు."

మొదటిసారి కుండీ పగలగొట్టినందుకు నర్సరీ యజమాని నన్ను ఎండలో ఎలా నిలబెట్టాడో, నేను తిరిగి ఆయన్ని ఏమన్నానో చెప్పాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. మాటల్లో పడి పన్నెండు కుండీలకూ పోసేశాను. చూస్తే అప్పటికే ఆమె గబగబా ఏదో రాసుకుంటోంది.

"ఎంత తిరిగింది తల్లీ?"

"చెప్పను. చెబితే నీ చెయ్యి మళ్ళీ ఆలోచించడం మొదలుపెడుతుంది. సాయంత్రం ఇంకోసారి పొయ్యాలి."