మూడు గళ్ళ మాట

గోదాము గుమాస్తాకు ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఆ ముక్క లేదు. "మీకు బాధ్యతల నుంచి విముక్తి కలిగిస్తున్నాం" అని ఉంది. ఆయనా ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు ఫోన్ చేసే అక్కతో "పని ఎప్పటిలాగే ఉంది" అనేవాడు. రోజూ అదే వేళకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గదికి తాళం వేసి, గ్రంథాలయానికి వచ్చి కూర్చునేవాడు. ఒక్కోరోజు ఒక్క మాటైనా మాట్లాడకుండానే పొద్దుపోయేది.

ఎదుటి కుర్చీలో ఒకావిడ కూర్చునేది. రిటైరైన టెలిఫోన్ ఆపరేటరని ఎవరో అనగా విన్నాడు. పత్రికలోని గళ్ళ నుడికట్టును కాగితం మీదకు ఎక్కించుకుని పెన్సిల్‌తో నింపేది.

ఆ రోజు నుడికట్టు నిండా చాటుమాటలూ వాడుకమాటలే. చావుకు మర్యాద మాట అడిగితే "కాలం చేయడం" అనీ, మొరటు మాట అడిగితే "బాల్చీ తన్నడం" అనీ రాసి, ఆవిడ తనలో తనే నవ్వుకుంది. తర్వాత ఒకచోట ఆగిపోయింది.

"ఏవండీ, ఉద్యోగం ఊడటం. జనం వాడే మాటట. మూడు గళ్ళు."

"ఉద్వాసన."

"అది నాలుగు. పైగా మరీ పెద్దమనిషి మాట."

ఆయన కిటికీ వైపు చూశాడు. చివరి రోజున గోదాములో హమాలీలు తన వెనక అనుకున్న మాట గుర్తొచ్చింది.

"ఊస్టింగ్," అన్నాడు. అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు తలెత్తారు.

ఆవిడ గళ్ళు నింపి, తలెత్తకుండానే అడిగింది.

"మీకెప్పుడైంది?"

"నాలుగు నెలలు. మీకెలా తెలిసింది?"

"ముప్ఫై ఏళ్ళు గొంతులు విన్నదాన్నండీ. ఇంట్లో చెప్పారా?"

"ఇంట్లో ఎవరూ లేరు. వేరే ఊళ్ళో అక్క ఉంది."

"ఆవిడకైనా చెప్పండి మరి."

గ్రంథాలయం మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాడు. ఆదివారం కాకపోవడంతో అక్క కంగారు పడింది.

"నన్ను ఉద్యోగంలోంచి తీసేశారక్కా."



"తెలుసురా. ఓసారి నీ ఫోన్ కలవక గోదాముకు చేశాను. నువ్వే చెబుతావని ఊరుకున్నా."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇంట్లో బియ్యం ఉన్నాయా?" అంది అక్క.

"నిండుకున్నాయి."

"అయిపోయాయని చెప్పు. నా దగ్గర కూడా మర్యాదలేంట్రా? రేపొద్దున బస్సెక్కు."

మర్నాడు బస్సెక్కాడు. దారంతా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని సంచీ ఒళ్ళోనే పెట్టుకున్నాడు.