ఊదేసిన వత్తులు

వెనిస్ జనం నోరు మూసుకుని కూర్చోవడం తాదియో పుట్టి బుద్ధెరిగిన తరవాత చూడలేదు. చర్చిలోనే గుసగుసలాపని ఊరు నాటకశాలలో ఊరుకుంటుందా? గుమ్మడిగింజలు పటపట కొరుకుతారు. పై గదుల్లోంచి నారింజ తొక్కలు కింది బట్టతలల మీదికి విసురుతారు. తాదియోకి ఆ గోలే ధైర్యం. పాటలు కట్టినవాడు హార్ప్సికార్డ్ అనే మీటల పెట్టె ముందు జనానికి వీపు పెట్టి కూర్చోవాలి మరి. వెనక ఏం జరుగుతోందో ఆ గోలే చెప్పాలి.

ఆ సాయంత్రం మూడో అంకంలో, ఒడ్డున ఒంటరిగా మిగిలిన రాణి ఏడుపుపాట ఎత్తుకోగానే గోల ఆగిపోయింది.

తాదియో వాయిస్తూనే తలెత్తి చూశాడు. రంగస్థలం మీద తగరపు రేకులతో చేసిన సముద్రంలో సభలోని వెలుగులు తళతళలాడుతుంటాయి. పాటల పుస్తకం చదువుకోవడానికి జనం తలా ఒక సన్నటి మైనపువత్తి వెలిగించుకుంటారు. ఆ తళుకులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. వత్తి ఆర్పారంటే లేచిపోతున్నారనే అర్థం చేసుకున్నాడు. కాసేపటికి సముద్రం మొత్తం నల్లబడింది.

నాటకశాల నడిపే బస్తియాన్ ముందే చెప్పాడు. "మేష్టారూ, ఈ ఏడుపు జనానికెక్కకపోతే రేపట్నించి అక్కడ ముసలి దాది కొంటెపాట పెట్టేస్తా. కార్నివాల్ పండగ పూట ముక్కు చీదుకోడానికి ఎవడొస్తాడండీ?"

"ఎక్కకపోతే నేనే తీసేస్తాలే" అన్నాడు తాదియో, మహా గొప్పగా.

ఆ పాట ఓర్సెత్తాది. లేసు అల్లుకుంటూ తాదియో భార్య తీసిన కూనిరాగం. ఒకచోట ఎప్పుడూ ఠక్కున ఆగేది, పళ్ళతో దారం తెంపడానికి. తెంపాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకునేది. తాదియో చదువుకున్నవాడు కదా, ఆ ఖాళీని ముత్యాల్లాంటి స్వరాలతో పూడ్చాడు. ఆమె పోయి ఏడాదైంది. ముఖం కూడా మసకబారుతోంది. ఆ రాగం కూడా పోతే ఆమె ఇక ఎక్కడా ఉండదు.

చివర్లో చప్పట్లు మోగాయి. నాటకంలోని విదూషకుడికేననుకుని, వెనక్కి చూడకుండా పక్కవాకిలిలోంచి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే ఊరంతా పొగమంచు. ఇళ్ళు లేవు, వంతెనలు లేవు, నీళ్ళ చప్పుడే ఉంది. కొంటెపాట కట్టివ్వడానికి ఒప్పుకుందామని తాదియో నాటకశాలకి పడవెక్కాడు.

"కాళ్ళు లోపలికి పెట్టుకో పెద్దాయనా" అన్నాడు పడవ నడిపే మోమోలో. "తడిస్తే మీ ఇంటావిడ నన్ను తిట్టిపోస్తుంది."

"తిట్టేవాళ్ళు లేరులే."

మోమోలో నాలిక్కరుచుకుని, కాసేపటికి కూనిరాగం అందుకున్నాడు. రాణి ఏడుపుపాట!

"ఎక్కడ విన్నావు?"

"నిన్న నాటకశాలలో. ఖాళీ ఉంటే మా పడవవాళ్ళని డబ్బుల్లేకుండా లోపలికి వదుల్తారుగా."

"జనం వత్తులార్పేసి వెళ్ళిపోయారటగా?"

"ఎవడా కూసింది? ఒక్కడు కదిలితే ఒట్టు! కళ్ళనిండా నీళ్ళుంటే ఇంక అక్షరాలేం కనబడతాయి? నాకు చదువే రాదు, అయినా పక్కవాడి వత్తి నేనే ఊదేశా. వాడేడుస్తుంటే నేను చూడ్డమెందుకు?" తెడ్డు వేస్తూ మళ్ళీ అన్నాడు. "ఆ పెట్టె వాయించే ముసలాడు మాత్రం మహా పొగరుబోతు. ఒక్కసారి తల తిప్పితే వాడి సొమ్మేం పోయింది?"

పడవ మలుపు దగ్గరికొచ్చింది. మోమోలో తెడ్డు మీద బరువంతా వేసి వంగాడు. పాట ఠక్కున తెగింది. మలుపు దాటాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకున్నాడు.

"అక్కడ ఆగావేం?"

"తెడ్డు తిప్పాలిగా. ఊపిరి దానికే సరిపోయింది. పనిచేసుకునేవాడి పాటంతే పెద్దాయనా!"

మంచులో, పడవ అవతలి కొసన, ఓర్సెత్తా తల వంచుకుని కూర్చుంది. పళ్ళ మధ్య దారం. ముఖం స్పష్టంగా కనిపించింది. తాదియో పసివాడిలా ఏడ్చాడు. మోమోలో మొహం అటు తిప్పుకున్నాడు.

నాటకశాల గుమ్మంలో బస్తియాన్ ఎదురొచ్చాడు. "ఎక్కడ మాయమయ్యారు మేష్టారూ? ఆ పాట జోలికెళ్ళకండి. నిన్న నా వత్తి కూడా నేనే ఊదేసుకున్నా."

"జోలికెళ్ళాలి. ఒక్కచోట" అని తాదియో కలం అడిగి, తన ముత్యాల స్వరాలన్నీ కొట్టేశాడు.

ఆ సాయంత్రం తగరపు సముద్రం మళ్ళీ నల్లబడింది. ఆ చోటు రాగానే తాదియో మీటల మీంచి చేతులెత్తేశాడు. రాణి ఆగింది. ఈసారి ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క గింజ కొరికిన చప్పుడు లేదు. ఓర్సెత్తా దారం తెంపేదాకా ఊరంతా చీకట్లో ఓపిగ్గా కూర్చుంది.